గెడ్డ రాతి మీద సున్నపు చెయ్యి

దారిన పోయే మనిషిని ఆపడమే ప్రచారం పని. నలభై ఏళ్ల పైబడి ఆ పనే చేశాను. గోడల మీద రాశాను. రిక్షాలో మైకు పట్టుకుని అరిచాను. కర్రకాళ్ల మీద నడిచేవాళ్లకి సబ్బు పేరున్న చొక్కాలు తొడిగి సంతల్లో తిప్పాను. శ్రీకాకుళం నుంచి సాలూరు దాకా నా అక్షరం పడని ఊరు తక్కువ. ఆపడం నాకు బాగా చేతనైంది. ఆపిన మనిషిని ఎక్కడ నిలబెడుతున్నానో చూసుకోవడం మాత్రం చేతకాలేదు.

మొన్నామధ్య ఒక కాలేజీవాళ్లు ఈ ప్రచారం చదువు చదివే పిల్లలతో మాట్లాడమని నన్ను పిలిచారు. ఒక అబ్బాయి లేచి, "సార్, మీ సర్వీసులో బాగా వైరల్ అయిన క్యాంపెయిన్ ఏది?" అని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఉండగానే వాళ్ల మాస్టారు నా చెవి దగ్గరకొచ్చి, "పాజిటివ్‌గా ఏదైనా చెప్పండి సార్, పిల్లలు కదా" అన్నాడు. శాలువా కప్పి దింపేశారు. పిల్లలట! రేపు వీళ్లే కదా కొండలకీ సముద్రాలకీ రంగులు పూసేది? వాళ్లు వినని మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. శాలువా పెట్టెలోనే ఉంది, కావలసినవాళ్లు వచ్చి పట్టుకెళ్లవచ్చు.

గోడని అడగమన్నవాడు

నేను ఐదో తరగతితో ఆగిపోయాను. రాజాం దగ్గర మాది చిన్న ఊరు. మా నాన్న గోగూ, మేం చోడి అనే రాగీ పండించేవాడు. రాజాంలో ధాన్యం మిల్లు గోడ మీద ఆకుపచ్చ అక్షరాలు ఉండేవి. వాటిని చూసి మట్టిలో పుల్లతో దిద్దుకుంటూ నేర్చుకున్నాను. ఆ తరవాతి చదువంతా పొట్లాం కాగితాల్లో చదివిందే. నా మాట మొరటుగా ఉంటే సర్దుకోండి. సర్దుకోకపోయినా ఈ వయసులో నేను మారేది లేదు.

పని నేర్పింది సూరన్న మేస్త్రీ. మనిషి పొట్టి, నోరు పెద్దది. మొదటిసారి నాకు గోడ అప్పజెప్పిన రోజున సుద్దతాడు కొట్టి గళ్లు గీసుకుంటూ ఉంటే వచ్చి నా చేతిలోని బ్రష్ లాక్కున్నాడు.

"ఒరే, ఈ గోడకి ఎవలు జారబడతారో సూసినావేట్రా?"

"గోడ కాళీగానే ఉన్నాది మేస్త్రీ."

"పొద్దుట అన్ని గోడలూ కాళీగానే ఉంటాయిరా ఎదవా. సాయంత్రం రా. ముసిలోళ్లొచ్చి కూసుంటారు. నీ రంగు ఆళ్ల పంచెలకి అంటుకుంటాది, ఆళ్ల తిట్లు నాకు అంటుకుంటాయి. ముందు ఆళ్లని అడిగిరా, పో."

సాయంత్రం దాకా కూర్చుని అడిగి వచ్చాను. ఆ ముసలివాళ్లు ఒకచోట మూరెడు వెడల్పున రంగు వేయవద్దన్నారు. అక్కడ ఒకాయన రోజూ వీపు ఆనించి కూర్చునేవాడట, చూపు లేదు, గోడ గరుకును బట్టి తన చోటు పోల్చుకుంటాడట. ఆ మూరెడూ వదిలేసి రాశాను. సైకిల్ టైర్ల ప్రకటనలో మధ్యన బోడి గోడ. షాపతను గోల పెట్టాడు. మేస్త్రీ తొణకలేదు. "గోడ నీది, సోటు ఆయనది" అన్నాడంతే.

అప్పడాల లారీ

నాకు బాగా పేరు తెచ్చిన పని సాలూరులో చేశాను. సాలూరంటే లారీలు. ఒక టార్పాలిన్ వ్యాపారి నన్ను పిలిచి, మా పరదాలో చుక్క నీరు దిగదని జనానికి నమ్మకం కలిగించాలి, ఎంత పెద్ద గోడ కావాలో చెప్పు అన్నాడు. గోడ వద్దన్నాను. ముసురు పట్టిన రోజు చూసి కూడలిలో ఒక లారీ నిలబెట్టించాను. దాని నిండా అప్పడాల కట్టలు పేర్పించి, పైన ఆయన టార్పాలిన్ కట్టించాను. మైకులో ఒకటే మాట: "లోపల అప్పడాలున్నాయి. రెండు రోజులు వాన కురవనివ్వండి. మూడో రోజు మీరే విప్పండి."

ఊరంతా అదే కబురు. డ్రైవర్లు పందేలు కాసుకున్నారు. ఒక క్లీనరు నా దగ్గరికొచ్చి, "మావా, నిజంగా అప్పడాలేనేటి, అట్టముక్కలేటి?" అని అడిగాడు. మూడో రోజు డ్రైవర్ల చేతే తాళ్లు విప్పించాను. పక్కనే బాణలి పెట్టి నూనె కాచాం. తీసిన కట్ట తీసినట్టే వేయిస్తుంటే అప్పడం పెళపెళా పొంగింది. ఒక్కటి మెత్తబడలేదు. వ్యాపారి ఏడ్చినంత పని చేశాడు.

ఆ పని గురించి ఇప్పటికీ తలెత్తుకుని చెప్తాను. ఎవరినీ మాయ చేయలేదు. టార్పాలిన్ మంచిదైతే అప్పడం పొంగుతుంది, చెడ్డదైతే మేమే నవ్వులపాలవుతాం. నష్టం వస్తే ప్రచారం చేయించుకున్నవాడికే రావాలి. ఈ ఒక్క సంగతి పట్టుకుని ఉంటే నేను ఈ రాత రాయవలసిన పనే లేకపోయేది.

అప్పటి నుంచి నాకు "తిక్కప్రచారం" అని పేరొచ్చింది. తిక్క తలకెక్కింది. గోడలు నాకు చిన్నవైపోయాయి.

ఒకసారి సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో పడవలన్నిటికీ ఒకే రంగు వేసి టీపొడి పేరు రాద్దామని వెళ్లాను. మగవాళ్లు ఊఁ అన్నారు. చేపల తట్ట దించుతున్న ఒకావిడ అడ్డంపడింది.

"అన్నీ ఒక్కలాగే ఉంటే, వస్తన్నది మా ఆయనో పక్కింటోడో ఒడ్డు నుంచి నాకెలగ తెలుస్తాది? నీ టీపొడి సెప్తాదేటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, రంగు డబ్బాలు సర్దుకుని వచ్చేశాను. ఎవరో బతుకు కోసం పెట్టుకున్న గుర్తు మీద మన రంగు పడకూడదు. ఆవిడ చెప్పింది అదే. తిరిగొచ్చే బస్సులో అర్థమైంది కూడా. అర్థమైంది గుర్తుండాలని ఎక్కడుంది?

సీసాలోంచి దూకే నీరు

ఇది జరిగి ఎన్నో ఏళ్లు కాలేదు. అప్పటికి గోడరాతలకి పిలిచేవాళ్లు తగ్గిపోయారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఒక శీతల పానీయం కంపెనీ తరఫున ఈ ప్రాంతం చూసే మేనేజరు నన్ను పిలిచాడు. ఇస్త్రీ చొక్కా, మాటకి ముందు నవ్వు. "పెద్దాయనా, జనం ఇప్పుడు గోడలు చూడటం లేదు. వేసవి సెలవులకి కొండల్లోకి, జలపాతాల్లోకి పోతున్నారు. అక్కడ ఏదైనా తిక్కగా చెయ్యి" అన్నాడు.

మిగతా ఆలోచనంతా నాదే. కంపెనీ మీద తోసేయడానికి లేదు.

సాలూరు దాటి కొండల వైపు వెళ్తే ఒక గెడ్డ ఉంది. మా వైపు వాగుని గెడ్డ అంటాం. ఊరి పేరు రాయను, ఆ ఊరివాళ్లు ఇప్పటికే పడవలసినంత పడ్డారు. అక్కడ ధార రెండు తాటిచెట్ల ఎత్తునుంచి పడుతుంది. ఎండల్లో కూడా సన్నగా పడుతూనే ఉంటుంది. పక్కన ఏనుగు వీపంత నున్నటి బండ. ధార వైపు ఒంచిన పెద్ద సీసా బొమ్మ ఆ బండ మీద వేశాను. కింద గెడ్డ మధ్యలో ఒక చదును రాయి ఉంది. అక్కడ ఒక మనిషి నిలబడితే, ఒడ్డునుంచి ఫొటో తీసేవాళ్లకి నీళ్లు ఆ సీసాలోంచే దూకి మనిషి నెత్తిన పడుతున్నట్టు కనిపిస్తాయి. అడుగు ఇటూ అటూ అయితే బొమ్మ కుదరదు. అందుకని ఆ చదును రాయి మీద ఎర్ర రంగుతో రెండు పాదాలు వేశాను. నిలబడవలసిన చోటు అది. నా పాదాలే పెట్టి, చుట్టూ సుద్దతో గీసుకుని, లోపల రంగు నింపాను.

అడగవలసినవాళ్లని కంపెనీ అడిగిందన్నారు. నేను కాగితం చూడలేదు. సూరన్న మేస్త్రీ బతికి ఉంటే కాగితం సంగతి అడిగేవాడు కాదు. బండకి ఎవరు జారబడతారో చూశావా అని అడిగేవాడు.

బండ గీకేటప్పుడు నాతో ఉన్నది మా బావమరిది అప్పలరాజు. వైరు బ్రష్‌తో పాచి తీస్తూ మధ్యలో ఆగాడు.

"బావా, ఇక్కడేటో సెయ్యిలాగున్నాది. సున్నంతో ఏసినారు. ఏళ్లు కిందకున్నాయి. ఉంచీమంటావా?"

నేను కింద నిలబడి బొమ్మ కొలతలు చూసుకుంటున్నాను. సీసా అడుగుభాగం సరిగ్గా అక్కడే రావాలి.

"గీకీరా" అన్నాను.

నా పనిలో ఎన్నో మాటలు రాశాను, అరిచాను. వాటన్నిటిలో ఎక్కువ దూరం వెళ్లింది ఈ ఒక్క మాట.

ఎక్కువంటే ఎంత?

మూడో రోజుకి సీసా ఎండలో మెరుస్తోంది. ఒక ముసలామె తట్టతో మొక్కజొన్న పొత్తులు దించుకుని బండ ముందు నిలబడింది. పేరు అచ్చియ్యమ్మ. సెలవు రోజుల్లో గెడ్డ దగ్గర పొత్తులు కాల్చి అమ్ముతుంది. కూతురి ఊరు వెళ్లి అప్పుడే వస్తోంది.

"ఇక్కడ సెయ్యుండాల. ఏదీ?"

"ఏ సెయ్యమ్మా?"

"సున్నపు సెయ్యి. మొన్న నానే ఏసినాను."

అప్పుడు చెప్పింది. ఏరువాకకి ముందు వాళ్లింట్లో పెద్ద ఆడది చేతికి సున్నం పూసుకుని, వేళ్లు కిందికి ఉండేలా ఆ బండ మీద అద్దుతుంది. ఆమెకి ముందు ఆమె అత్త, అత్తకి ముందు ఆవిడ అత్త. గెడ్డ నీరు వేలి కొసలకి తగిలితే దిగినవాళ్లు పైకొచ్చేయాలి. అరచేతికి తగిలితే ఆ రోజు పశువుని కూడా దాటించరు. పైన కొండ మీద వాన పడితే, కింద ఎండ కాస్తూండగానే గెడ్డ పెరుగుతుంది. ఆ పెరగడం కంటికి తెలియదు. చెయ్యి దగ్గరే తెలుస్తుంది.

"ఇంతేనా? అంతకన్నా మంచిది రాస్తానమ్మా. పెద్ద బోర్డు, ఎర్రక్షరాలు" అన్నాను.

"బోర్డు ఏటి సెప్తాది?"

"నీరు ఎక్కువుంటే దిగొద్దని సెప్తాది."

"ఎక్కువంటే ఎంత?"

నేను నవ్వాను. చదువురాని మనిషి బోర్డుని ప్రశ్నిస్తోందని నవ్వొచ్చింది. నలభై ఏళ్లు అక్షరాలు రాసినవాణ్ణి, ఆ ప్రశ్నకి జవాబు లేదని తెలుసుకోవడానికి నాకు ఒక మనిషి ప్రాణం కావలసి వచ్చింది.

ఆమె సీసా మీదే చెయ్యి అద్దుతానంది. బొమ్మ పాడైపోతుందని బతిమాలాను. పక్కన వేసుకోమన్నాను. "పక్కనెలగ? అది మా అత్త కొలిసిన సోటు" అంది. ఆఖరికి నేనే మాటిచ్చాను. "ఈ ఒక్క నెల ఆగు తల్లీ, సెలవులు గదా. ఏరువాకకి ముందే నానొచ్చి సీసా సెరిపేసి నీ సోటు నీకిచ్చేస్తాను."

"వస్తావా?"

"వస్తాను."

"నీ మాట మీద ఆగతన్నాను బాబూ. నాకు అచ్చరం ముక్క తెల్దు. మాటే తెలుసు."

మర్నాడు కంపెనీవాళ్లు ఆమె పొత్తుల కుంపటి మీద తమ పేరున్న పెద్ద గొడుగు పాతారు. ఎండకి బాగుందని ఆమె వద్దనలేదు.

సీసా విపరీతంగా ఆడింది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి కార్లు, ఆటోలు, బైకులు. పాదాల మీద నిలబడటానికి వరస కట్టారు. బోర్డు కూడా రాశాను, చుట్టూ ఆకుల అంచు వేసి, మూలన చిన్న సీసాతో. దాని పక్కన కూడా నిలబడి ఫొటోలు దిగారు. మేనేజరు రోజూ ఫోన్ చేసి, "పెద్దాయనా, జనం మన హోర్డింగుని జేబులో పెట్టుకుని ఊళ్లకి మోసుకుపోతున్నారు" అనేవాడు. నేను పొంగిపోయేవాణ్ణి. సెలవు దొరికిన మనిషి కొండకి ఎందుకు వెళ్తాడు? నీళ్ల చప్పుడు విని, కాళ్లు తడుపుకుని, తెచ్చుకున్న పులిహోర తిని రావడానికి. ఆ నీళ్ల వైపు వీపు పెట్టి నిలబడటం నేర్పినవాళ్లలో నేనొకణ్ణి.

బళ్లు తెరిచే ముందు ఆఖరి ఆదివారం అది. ఆ ఏడు వానలు తొందరపడ్డాయి. నేను ఎచ్చెర్ల వైపు వేరే పనిలో ఉన్నాను. సీసా చెరపాలని గుర్తుంది. ఈ ఆదివారం కూడా జనం వస్తారు కదా, సోమవారం చెరుపుదాం అనుకున్నాను.

రాజాంలో బట్టల షాపులో పనిచేసే ఒకతను భార్యతో వచ్చాడు. పాదాల మీద నిలబడ్డాడు. ఆమె ఒడ్డున ఫోన్ పట్టుకుని ఉంది. ఎండ కాస్తోంది. అచ్చియ్యమ్మ నీటి రంగు చూసి కుంపటి దగ్గర్నుంచి అరిచిందట. ధార చప్పుడులో ఎవరికీ వినబడలేదు. వేలి కొసలు ఉండవలసిన చోట సీసా అడుగు ఉంది. నీరు దాన్ని దాటిపోయినా అది ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అతను దొరికేసరికి సాయంత్రమైంది.

చెయ్యి అమ్ముకున్న మనిషి

కంపెనీకి ఏమీ కాలేదు. బోర్డు ఉంది కదా. నీరు ఎక్కువుంటే దిగరాదని ఎర్రక్షరాలతో ఉంది కదా. ఆ అక్షరాలు వాళ్లని కాపాడాయి. మేనేజరు నాతో, "బొమ్మ తీసెయ్, మళ్లీ ఆ వైపు వెళ్లకు" అన్నాడు. అప్పలరాజూ నేనూ వెళ్లి సీసా గీకేశాం. పాదాలు మాత్రం పూర్తిగా పోలేదు. రాయి ఆ రంగు తాగేసింది.

జనానికి ఎవరో ఒకరు కావాలి. ఏటా ఉండే చెయ్యి ఈ ఏడు ఎందుకు లేదు? గొడుగు కోసం అచ్చియ్యమ్మ చెయ్యి అమ్ముకుందన్నారు. పెయింటరు మాటిచ్చాడని ఆమె మొత్తుకుంది. "ఏ పెయింటరు? సాచ్చికం ఎవలు?" అన్నారు. విచారణకి వచ్చినాయన నాకు ఫోన్ చేసి, బండ మీద అంతకుముందు ఏదైనా గుర్తు ఉండేదా అని అడిగాడు.

"నేను చూడలేదండి" అన్నాను.

అక్షరాలా నిజమే. చూసింది అప్పలరాజు. ఇలాంటి నిజాలు తయారుచేయడం మా వృత్తిలో అందరికీ వచ్చు.

ఆ తరవాత ఊరివాళ్లు ఆమెను బండ దగ్గరికి రానివ్వలేదని విన్నాను. ఆ కొలత ఇంకెవరికీ తెలియదు. అంటే ఆ బండ మీద చెయ్యి లేదు, జనం మాత్రం చలికాలానికల్లా మళ్లీ మొదలయ్యారు. రాబోయే వానల్లో పోయేవాడెవడో అప్పటికే ఎక్కడో తిరుగుతున్నాడన్నమాట. ఇంత తెలిసి ఎనిమిది నెలలు అన్నం తిన్నాను.

మాఘమాసంలో రాజాంలో ఒక బట్టల షాపు బోర్డు రాయడానికి వెళ్లాను. గల్లా పక్కన ఒక చిన్నామె బట్టలు మడతపెడుతోంది. ఓనరు గొంతు తగ్గించి, "ఈ అమ్మాయి పెనిమిటే ఆ గెడ్డలో పోయినాడు. ఆడి సోట్లో ఈమెని ఎట్టుకున్నాను" అన్నాడు. మధ్యాహ్నం ఆమె నాకు మంచినీళ్లు తెచ్చింది. ఏదో మాట కలపాలని, ఆ రోజు ఏమైందమ్మా అని అడిగాను. నేనెవరో తెలియకుండా చెప్పింది.

"ఆ పాదాల్లో కాళ్లెట్టి నవ్వినారు తాతా. 'సూడే, నా కాళ్లకి సరిగ్గా సరిపోనాయి, నాకోసమే ఏసినట్టున్నారు' అన్నారు. అదే ఆకరి ఫొటో."

గ్లాసు కింద పెట్టాను.

"ఆ పాదాలు నావేనమ్మా. ఏసింది నానే. అక్కడున్న సెయ్యి సెరిపించిందీ నానే."

ఆమె తిడుతుందనుకున్నాను. చాలాసేపు నా కాళ్ల వైపు చూసింది. తరవాత అన్నది ఇదీ:

"మరైతే ఆ ముసలామెని ఎందుకన్నారు? మేమూ ఆవిడ మీద దుమ్మెత్తి పోసినాం గదా. ఆవిడకి ఎవలు సెప్తారు?"

ఆ బోర్డు సగంలో ఆపేశాను. ఇంతవరకూ ఇంకో బోర్డు రాయలేదు.

ఆఖరి మైకు

స్టేషన్‌కి వెళ్లి చెప్పాను, రాసుకున్నారు. పత్రికల్లో వేయిద్దామంటే అచ్చియ్యమ్మ ఊళ్లో పత్రిక చదివేవాళ్లు ఇద్దరో ముగ్గురో. నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఆటోకి మైకు కట్టించాను. రాజాంలో మొదలుపెట్టి, సాలూరు కూడలి, కొండ కింద సంతలు. టేపు పెట్టలేదు. నా గొంతుతోనే చెప్పాను.

"అయ్యలారా, అమ్మలారా! గెడ్డ దగ్గర సున్నపు చెయ్యి చెరిపించింది నేను. ఏరువాకకి ముందు చోటు తిరిగి ఇస్తానని అచ్చియ్యమ్మకి మాటిచ్చి తప్పింది నేను. ఆమె చెయ్యి అమ్ముకోలేదు. నా మాట నమ్మింది."

చెప్తే నమ్మరు, సాలూరులో జనం గుమిగూడి నవ్వుతూ నిలబడ్డారు. ఒక డ్రైవరు, "అప్పడాల మావే గదా! సివర్న ఏ సోడా పేరు సెప్తాడో సూడండి" అన్నాడు. నేను ఆగాను. వాళ్లూ ఆగారు, సరుకు పేరు కోసం. నేను మళ్లీ మొదటినుంచి చెప్పాను. మూడోసారికి నవ్వులు ఆగిపోయాయి. మన మాటకి మనం చేసిన గతి ఇది. పశ్చాత్తాపం చెప్పినా వెనకాల ఏదో అమ్మకం ఉందనుకుంటారు.

ఆమె ఊళ్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. సంత రోజు. ఆటో ఆపి, మైకు పక్కన పెట్టి చెప్పాను. ఒక పెద్దాయన కర్ర ఆనించుకుని అంతా విన్నాడు. "ఇన్నాళ్లూ ఎక్కడ సచ్చినావురా?" అన్నాడు. ఆయన ఆమె గుమ్మం వైపు తిరిగి, "వదినా, ఈ ఏడు సెయ్యి నువ్వే ఏయాల. తప్పు మాది" అన్నాడు. అచ్చియ్యమ్మ గుమ్మంలో కూర్చుని పొత్తులు ఒలుస్తోంది. తల ఎత్తలేదు. ఒలవడం ఆపలేదు.

వైశాఖం ఆఖర్లో మళ్లీ వెళ్లాను. ఈసారి మంచి ఎనామిల్ డబ్బా, కొత్త బ్రష్‌లు పట్టుకెళ్లాను. ఆమె చెయ్యి కొలత తీసుకుని, పదేళ్లయినా చెదరకుండా వేసిపెడతానన్నాను. క్షమించమని అడగడానికి నాకు అంతకంటే మంచి దారి తోచలేదు.

ఆమె డబ్బా వైపు చూసింది. "వొద్దు బాబూ. నువ్వేస్తే అందంగా ఉంటాది. అందంగా ఉంటే పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు."

"అందం లేకుండా ఏస్తానమ్మా."

"నీకు రాదు" అంది. "అయినా పదేళ్లుండిపోతే ఎవలు సూస్తారు? సున్నం ఏటా పోవాల. ఏటా ఒకలొచ్చి, గెడ్డ ఎక్కడిదాకా వచ్చినాదో సూసి, మళ్లీ ఏయాల. సూడ్డమే పని. ఏయడం కాదు."

పక్కనున్న సున్నపు బకెట్టు నా ముందుకు తోసింది. "సున్నం కలపడం వచ్చేటి?"

వచ్చు. సూరన్న మేస్త్రీ మొదట నేర్పింది అదే. ముద్దలు లేకుండా కలిపి, బకెట్టు పట్టుకుని ఆమె వెనక గెడ్డలోకి దిగాను. నీరు మోకాలి కింద ఉంది. ఆమె గడ్డాన్ని బండ అంచుకి ఆనించి, చెయ్యి చాచి, అత్త కొలిచిన చోటు వెతుక్కుంటోంది. బకెట్టు అందించడానికి వీలుగా ఉంటుందని ఒక చదును రాయి ఎక్కి నిలబడ్డాను. కాళ్ల కింద ఏముందో చూసుకోలేదు. అరచేతినిండా సున్నం తీసుకుంటూ ఆమె చూసింది.

"అక్కడ కాదు బాబూ. ఇటొచ్చి నిలబడు."